ఏడో బొంత

వసంతోత్సవం నాటి ఉదయం వైడూర్యపురి కోటలోని నూరుస్తంభాల మంటపం దేవలోకం నుంచి ఊడిపడ్డ ముక్కలా ఉంది. చలువరాతి నేల మీద కస్తూరి కలిపిన పన్నీరు చల్లారు. స్తంభస్తంభానికీ పొగడదండలు చుట్టారు. గోడల మీద పచ్చలు, పగడాలు నూరిన రంగులతో చిత్రించిన మదగజాలు, మకరాలు, రెండు తలల గండభేరుండాలు, పిలిస్తే పలికేటట్టున్నాయి. మంటపం నడుమ హోమగుండంలో చందనపు కట్టెలు మండుతున్నాయి.

ఏటా ఆ రోజున మేఘకేతు మహారాజు దేశదేశాల పనివాళ్లను పిలిపించి వాళ్ల చేతిపనులు చూస్తాడు. ఒకడు ఏనుగుదంతంతో పల్లకీ చెక్కి తెచ్చాడు. ఒకడు ఉంగరంలోంచి దూరిపోయే చీర నేసి తెచ్చాడు. మరొకడి ఇత్తడి నెమలి, మర తిప్పితే పురివిప్పి ఆడుతోంది. వీళ్లందరికీ దూరంగా, చివరి స్తంభాల మధ్య ఒక జనపతాడు కట్టి, దాని మీద ఏడు బొంతలు ఆరేసుకుని ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు.

ఒక్కొక్క బొంతా మూరెడు పొడవు, మూరెడు వెడల్పు. కప్పుకుంటే పసిపిల్లకైనా చాలదు. పాత గుడ్డలు పొరలు పొరలుగా పరచి, వాటి మీద రంగురంగుల పేలికలు కత్తిరించి అతికి, నువ్వుగింజలంత కుట్లతో బిగించిన బొమ్మలవి. ఏ బొమ్మలోనూ రాజు లేడు, రథం లేదు. ఒకదాంట్లో ఒకావిడ చేటలో బియ్యం చెరుగుతోంది. ఒకదాంట్లో ఇద్దరు ఆడవాళ్లు బావి దగ్గర బిందె పట్టుకుని చెరోవైపు లాగుతున్నారు. ఒకదాంట్లో ముసలాయన నోరు తెరుచుకుని కుక్కిమంచంలో నిద్రపోతున్నాడు. ఒకదాంట్లో గేదెను తోముతున్నారు. ఒకదాంట్లో పెళ్లాం మొగుడి కాలు ఒళ్లో పెట్టుకుని ముల్లు తీస్తోంది. ఆరోదాంట్లో దండెం నిండా తడిబట్టలు. ఏడోదాంట్లో పొయ్యి దగ్గర ఇంటాయన అన్నం తింటున్నాడు, ఇల్లాలు వడ్డిస్తోంది, పక్కన ఒక బూడిదరంగు పిల్లి కాచుకుని కూర్చుంది.

వాటిని కుట్టినది చెంగల్వ. పక్కనున్న పెద్దావిడ ఆమె అత్త ముత్తవ్వ. సముద్రం అవతలి దీవి నుంచి వచ్చామని కోటవాకిట చెప్పారు. చెంగల్వ మొహం నిండా ఆకుపసరుతో పచ్చబొట్ల చుక్కలు పెట్టుకుంది. ముత్తవ్వ తల గొరిగించుకుని కాషాయం చుట్టుకుంది. ఆ కాషాయం మడతల్లో గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర ఉంది. ఆ పొద్దున దాన్ని ఆమె గుమ్మపు రాతి మీద మూడుసార్లు నూరింది.

అయిదేళ్ల కిందట వాళ్లకొక ఊరుండేది. వెండేటి ఒడ్డున నలభై ఇళ్ల బొంతలవాడ. ఊరంతా బొంతలు కుట్టి బతికేవాళ్లే. గుడ్డలకు అద్దకం వేసే ఊరు కనుక ఏ ఇంటి పొయ్యీ తరతరాలుగా చల్లారలేదు. ఒక వానాకాలం ఒంటి నిండా పుళ్లతో ఒక పరదేశి వచ్చి వాళ్ల అరుగు మీద పడ్డాడు. చెంగల్వ మొగుడు కొమ్మన వాణ్ణి ఇంట్లోకి మోసుకొచ్చాడు. నలభై రోజులు చెంగల్వ గంజి కాచి పోసింది. ముత్తవ్వ పుళ్లు కడిగింది. లేచి తిరగగలిగిన రోజున, అత్తాకోడళ్లిద్దరూ మాసిన బట్టల మూటతో ఏటికి వెళ్లిన మిట్టమధ్యాహ్నపు వేళ, వాడు ఊరి తలుపులన్నిటికీ మంత్రపు గడియలు బిగించి నలభై పొయ్యిల నిప్పునూ ఒక్కసారి లేపాడు. వాళ్లు పరుగున వచ్చేసరికి ఊరు లేదు. బూడిద ఉంది. ఆ బూడిదను ఒక కుండలోకి ఎత్తుకుని వెళుతున్న వాడి వీపు ఉంది.

వాడు ధూమ్రకేశుడనే మాంత్రికుడనీ, చల్లారని పొయ్యిల బూడిదతో పరముఖవిద్య సాధించాడనీ తర్వాత ఒక కొండసిద్ధుడు చెప్పాడు. ఆ విద్య పట్టినవాడికి ముఖం మారుతుంది, గొంతు మారుతుంది, నడక మారుతుంది. కత్తి తెగదు, నిప్పు కాల్చదు. వాడిలో మారనిది జ్ఞాపకం ఒక్కటే. తన పాత బతుకు సంగతి ఒక్కటి తనంతట తాను నలుగురు వింటుండగా నోరు జారాడా, అరువు ముఖం పెచ్చులూడి రాలిపోతుంది, దాంతోపాటే ఆ రక్షా పోతుంది. సిద్ధుడు నీళ్ల గిన్నెలోకి చూసి ఇంకొక్క మాట చెప్పాడు. వాడు వైడూర్యపురి రాజు కుడిఎడమల్లోనే ఉన్నాడు, కొలువులో చేరి అయిదేళ్లు నిండలేదు. ఆపైన గిన్నెలో నీళ్లు మసిబారిపోయాయి.

రాజు కుడిఎడమల్లో అలా చేరినవాళ్లు ఇద్దరే. ఒకడు సేనాపతి శరభపాలుడు. రెండోవాడు ఆస్థానవైద్యుడు శీతాంశుడు.

ఆనాడు ఏటికి మోసిన మూట ఒక్కటే బొంతలవాడలో మిగిలిన సొత్తు. అందులో తమ బట్టలతోపాటు ఇరుగుపొరుగువాళ్లవీ ఉన్నాయి. చెంగల్వ అయిదేళ్లు ఆ బట్టల్నే కత్తిరించి కుట్టింది. బియ్యం చెరిగే ఆవిడ చీర నిజంగా పక్కింటి రాములమ్మ చీర. మంచంలో ముసలాయన తలపాగా ఆయనదే. ముల్లు తీయించుకునే మనిషి పంచె కొమ్మన పంచె. ఆరు బొంతల్లోనూ ఉన్నవి ఉన్నట్టే కుట్టింది. ఏడోదాంట్లో మాత్రం ఒకటి కావాలనే తప్పు కుట్టింది. అదేమిటో అత్తకు తప్ప మూడో మనిషికి తెలియదు.

భేరీలు మోగాయి. మహారాజు వచ్చి సింహాసనం మీద కూర్చున్నాడు. మహారాణి పుష్పరేఖ చెలికత్తెలతో మంటపంలోకి వచ్చింది. ఆమెకు కుడివైపున కండలు తిరిగిన శరభపాలుడు, ఎడమవైపున వెన్నముద్దలాంటి చిరునవ్వుతో శీతాంశుడు నడుస్తున్నారు. మూడేళ్లు జ్వరంతో మంచానపడ్డ రాణిని లేపి నడిపించినవాడు శీతాంశుడు. ఆయన కనిపిస్తే కోటలో దాసీలు కూడా చేతులు జోడిస్తారు.

దంతపు పల్లకీనీ, ఇత్తడి నెమలినీ ఊరకే చూసుకుంటూ వచ్చిన రాణి బొంతల దగ్గర ఆగిపోయింది. ముల్లు తీస్తున్న బొమ్మను వేలితో తాకింది. ఈ నగరంలో తనకు ఇటువంటిది ఎవరూ చూపించలేదని, ఆ పిల్ల పళ్ల బిగువు చూస్తే తన కాలు నొప్పెడుతోందని అంది. ఈ మనుషులు ఎవరని అడిగింది. ఎవరూ కారని, ఊహించి కుట్టినవేనని చెంగల్వ తల వంచుకుని చెప్పింది.

శీతాంశుడు ఏడు బొంతల మీదా ఒక్కసారి కళ్లు తిప్పి, సూక్ష్మమైన హస్తకౌశలమని మెచ్చుకుని పక్కకు తిరిగాడు. శరభపాలుడు మాత్రం బొమ్మబొమ్మ దగ్గరా ఆగాడు. గేదె బొమ్మ చూసి నవ్వుకున్నాడు. వంగినప్పుడు పట్టు ఉత్తరీయం జారి మెడ వెనక నుంచి భుజం దాకా పాకిన కాలిన మచ్చ బయటపడింది.

ముత్తవ్వ ఆ మచ్చ చూసింది. తమ ఊరు కాల్చిననాటి మచ్చేననుకుంది. ఇంక ఆమెకు మంటపం కనబడలేదు, రాణి కనబడలేదు. చెంగల్వ చెయ్యి పట్టుకునేలోగా కాషాయంలోంచి కత్తెర తీసి, ఉన్న బలమంతా పెట్టి సేనాపతి వెన్నులో పొడిచింది. కత్తెర ఖంగుమని జారి కింద పడింది. నెత్తురు చుక్క రాలేదు.

"చూశావా కోడలా? కత్తి తెగలేదు. వీడే, నా కొడుకును మింగినవాడు వీడే" అంది ముత్తవ్వ.

క్షణంలో పది బల్లేలు ఆ ఇద్దరి గొంతుల మీదికి వచ్చాయి. చెలికత్తెలు రాణిని వెనక్కు లాగారు. అల్లరి విని మహారాజు సింహాసనం దిగి వచ్చాడు. ఎవరు మీరు, ఎవరు పంపారని గద్దించాడు. ఇక దాచి ప్రయోజనం లేదని చెంగల్వకు అర్థమైంది. మొహాన పచ్చబొట్లు కొంగుతో తుడిచేసుకుని, బొంతలవాడ సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఏ బొంతలో ఏ మనిషి బట్ట ఉందో పేరుపేరునా చెప్పింది. ఒక్క చుక్క కన్నీరు రాల్చలేదు.

అంతా విని శరభపాలుడు ఉత్తరీయం తీశాడు. లోపల ఉక్కుకవచం ఉంది. వెన్ను దగ్గర సొట్టపడింది. మెడ మీది మచ్చ సంగతి రాజే చెప్పాడు. గుర్రపుశాల తగలబడిన రోజున మూగజీవాలను బయటికి తోలుతూ ఇతడు కాలిపోతుంటే తానే కంబళి కప్పి ఆర్పానన్నాడు. ముత్తవ్వ సేనాపతికి చేతులు జోడించింది.

చెంగల్వ చూపు మెల్లగా రెండోవాడి మీదికి మళ్లింది. ఇక మిగిలినవాడు వాడే. కానీ రాణి ప్రాణదాతను వేలెత్తి చూపితే ఆ మంటపంలో నమ్మేవాళ్లు ఎవరు? వాడి నోట మాట రావాలి. వాడంతట వాడే అనాలి.

శీతాంశుడు ముందుకు వచ్చి రాజుకు నమస్కరించాడు. ముఖం నిండా జాలి.

"మహారాజా, దుఃఖోన్మాదంతో మతి చలించిన స్త్రీలు వీరు. వీరిపై నాకు కోపము లేదు. కాని ఇవి దుర్మరణము చెందినవారి వస్త్రాలు. ప్రతి కుట్టులోను ఒక ప్రేతము ముడివడి ఉన్నది. మహారాణి వారు ఇప్పుడిప్పుడే కోలుకొనుచున్నారు. వీటి గాలి సోకరాదు. తమ అనుజ్ఞ అయితే నా చేతులతోనే అగ్నికి సమర్పించెదను."

రాణి వారించబోయింది. రాజు ఆమె పాలిపోయిన చెంపల వైపు చూసి, సరేనని తల ఊపాడు. ఆడవాళ్లిద్దరినీ సాయంత్రం ఏనుగు కాళ్ల కింద వేయించమన్నాడు.

శీతాంశుడు తాడు మీది మొదటి బొంత తీసి హోమగుండంలో వేశాడు. రాములమ్మ చీర భగ్గుమంది. రెండోది వేశాడు. మూడోది వేశాడు. తలపాగా కాలిన వాసన వచ్చింది. బల్లేల నడుమ చెంగల్వ కదల్లేదు. అయిదోదాంతో కొమ్మన పంచె కాలిపోయింది. అతని ఒంటికి తగిలిన గుడ్డ ఇక ఈ భూమ్మీద లేదు. ముత్తవ్వ గొంతు చించుకుని ఏడుస్తుంటే చెంగల్వ ఆమె మణికట్టు పట్టుకుని, ఊరుకో అత్తా, ఇంకొకటుంది అని చెవిలో చెప్పింది. ఆమె గోళ్లు ముసలిదాని చర్మంలో దిగబడ్డాయి.

ఆరోదీ కాలింది. శీతాంశుడు ఏడోది తీశాడు.

గుండం మీదికి సాగిన చెయ్యి ఆగింది. ఎందుకు ఆగిందో వాడికే తెలియనట్టుంది. బొంతను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. వడ్డిస్తున్న ఇల్లాలిని చూడలేదు, తింటున్న మగవాణ్ణి చూడలేదు. బొటనవేలు మెల్లగా పిల్లి వీపు మీద నడిచింది, చెవుల మధ్య ఆగి గోకింది. తర్వాత ఆ వేలు తోకను కప్పేసింది. కప్పి చూశాడు. తీసి చూశాడు. తన బొమ్మను ఎవరో పాడుచేస్తే చిన్నపిల్లవాడు చిట్లించినట్టు మొహం చిట్లించాడు.

"తోక పెట్టావేం? దీనికి తోక లేదు గదా" అన్నాడు.

ఆ గొంతు ఆస్థానవైద్యుడి గొంతు కాదు. బొంతలవాడ అరుగు మీద గంజి అడిగిన పరదేశి గొంతు. నలభై రోజులూ ఊళ్లో ఎవరితోనూ ముచ్చటాడని ఆ పరదేశి, ఆ మొండితోక పిల్లిని ఒక్కదాన్నే ఒళ్లో పెట్టుకుని పడుకునేవాడు.

"లేదు. పసికూనగా ఉన్నప్పుడే కుక్క కొరికేసింది. ఆ సంగతి తమరికెలా తెలుసు?" అంది చెంగల్వ.

రాణి వింది. రాజు విన్నాడు. వైద్యుడి నుదుటి మీద సన్నని బీట ఒకటి పాకింది. తడి ఆరిన మట్టిగోడలాగా ఆ చల్లని ముఖం పెచ్చులు పెచ్చులుగా ఊడి చలువరాళ్ల మీద పడింది. కింద నుంచి పుళ్ల మచ్చలతో గుంటలు పడ్డ బుగ్గలు, నిప్పుకణికల్లాంటి కళ్లు, నెత్తిన పొగలా గాలిలో మెలికలు తిరిగే జుట్టు బయటపడ్డాయి.

ధూమ్రకేశుడు వికృతంగా అరిచి, చెయ్యి కాలుతున్నా హోమగుండంలోంచి గుప్పెడు నిప్పులు తీసి విసిరాడు. ఒక్కొక్క నిప్పూ ఒక్కొక్క మండే తేలై నేల మీద పరుగెత్తింది. పనివాళ్లు పల్లకీలు, నెమళ్లు వదిలేసి పారిపోయారు. శరభపాలుడు రాణిని ఒక చేత్తో ఎత్తి స్తంభం చాటున దించి, మరో చేత్తో రెండు తేళ్లను నరికాడు. తిరిగి వస్తూ కింద పడిన కత్తెర తీసి ముత్తవ్వ చేతిలో పెట్టాడు.

"అవ్వా, ఇది నీది. ఈసారి చూసి పొడువు" అన్నాడు.

ముత్తవ్వ పొడవలేదు, విసిరింది. అయిదేళ్ల కడుపుకోత ఆ విసురులో ఉంది. కత్తెర గిర్రున తిరుగుతూ వెళ్లి మాంత్రికుడి కుడిభుజంలో పిడిదాకా దిగింది. ఈసారి నెత్తురు చిమ్మింది.

వాడు తూలి గోడకు ఆనుకున్నాడు. నెత్తుటి చేత్తో గోడ మీది గండభేరుండాన్ని తడిమి ఏదో గొణిగాడు. ఎర్రని రెక్కలు గోడ నుంచి విడివడ్డాయి. నాలుగు కళ్లు రెప్పలు కొట్టుకున్నాయి. ఏనుగంత పక్షి రంగులు రాల్చుకుంటూ నేల మీదికి దూకితే మాంత్రికుడు దాని వీపెక్కాడు. రెక్కల విసురుకు పొగడదండలన్నీ తెగి ఎగిరిపోయాయి.

చెంగల్వ స్తంభాల మధ్య నుంచి జనపతాడు లాగింది, ఉచ్చు వేసింది, విసిరింది. ఉచ్చు పక్షి కాలికి పడింది. తాడు రెండో కొస నడుముకు చుట్టుకుంటుండగానే ఆమె కాళ్లు నేల విడిచాయి.

"వదలకే కోడలా" అన్న అత్త మాట ఒక్కటి వెంట వచ్చింది. ఆ తర్వాత చెవుల నిండా గాలి.

కోట అరచేతిలో దానిమ్మపండంత అయిపోయింది. వెండేరు నేల మీద పారేసిన నూలుపోగులా మెరిసింది. పసుపుపచ్చని ఆవచేలు, నల్లరేగడి దుక్కులు, ఎర్రమట్టి దిబ్బలు ఆ పోగుకు రెండు వైపులా పరుచుకున్నాయి. చెంగల్వ కిందికి చూడడం మానేసింది. చేతులు రక్తమోడుతుంటే మూరమూరా తాడు పట్టుకుని పైకి పాకింది. పక్షి రెండో తల వెనక్కు తిరిగి ముక్కుతో పొడవబోయింది. ఆమె పక్కకు ఊగి, రెక్క కింది ఈకలు పట్టుకుని వీపు మీదికి ఎక్కింది. చేతికి తడి తగిలింది. చూసుకుంటే అరచేయంతా నెత్తురుతో కలిసిన ఈకల ఎర్రరంగు.

ఎదురుగా కారుమబ్బొకటి కొండలా నిలబడి ఉంది. మాంత్రికుడు దాన్ని తప్పించాలని పక్షిని ఎడమకు తిప్పబోయాడు. గోడబొమ్మకు వాన పనికిరాదని చెంగల్వకు తట్టింది. వెనక నుంచి వాడి భుజంలోని కత్తెర పిడి రెండు చేతులా పట్టుకుని మెలితిప్పింది. వాడు కేక పెట్టి పక్షి మెడలు వదిలేశాడు. పక్షి తిన్నగా మబ్బులోకి దూరింది.

వాన కుండపోతగా కురిసింది. గండభేరుండం ముక్కులు కరిగాయి, తలలు కరిగాయి. రెక్కలు ఎరుపు, పచ్చ, నీలం ధారలై జారిపోయాయి. ఇద్దరూ రంగునీళ్లతోపాటు ఆకాశం నుంచి ఊడి, రెల్లు దట్టంగా పెరిగిన ఒక బాడవనేలలో పడ్డారు.

మెత్తని బురద కనుక ప్రాణాలు పోలేదు. ముందు లేచింది చెంగల్వ. మాంత్రికుడు లేచేలోగా వాడి రొమ్ము మీద మోకాలు వేసి, చేతులు రెండూ జనపతాడుతో వెనక్కు విరిచి కట్టి, భుజంలోంచి కత్తెర ఊడబెరికింది. దాని మొన వాడి కంఠం మీద ఆనించింది. అయిదేళ్లుగా కుట్టిన ప్రతి కుట్టులోనూ ఆమె ఈ ఒక్క క్షణాన్నే చూసుకుంది.

వాడు నవ్వాడు.

"పొడువు. కానీ ముందు ఒకటి చెప్పు. మీ బూడిదలో ఎముకముక్క ఒక్కటైనా దొరికిందా?"

ఆమె చెయ్యి ఆగింది. మూడు రోజులు అత్తా తానూ ఆ బూడిదను జల్లెడ పట్టారు, కొమ్మన అస్థికలు ఏట్లో కలుపుదామని. రోకలి పొన్ను దొరికింది, తాళంకప్ప దొరికింది, ఎవరివో కడియాలు దొరికాయి. ఎముక దొరకలేదు. నిప్పు అంత గట్టిదని అనుకున్నారు.

తనకు కావలసింది పొయ్యిల బూడిదేగాని మనుషులు కాదన్నాడు వాడు. నలభై ఇళ్లవాళ్లనూ రాతిబొమ్మలు చేసి ధూమగిరి గుహలో నిలబెట్టానన్నాడు. తన నెత్తురు వెచ్చగా తగిలితేనే వాళ్లు మళ్లీ మనుషులవుతారు.

"నేను చచ్చానా, నా నెత్తురు చల్లబడుతుంది. నీ మొగుడు రాయిగానే ఉంటాడు. నీకు దారి చూపించేవాణ్ణి నేనొక్కణ్ణే."

చెంగల్వ చెవుల్లో హోరు. కొమ్మన బతికి ఉన్నాడన్న మాట గుండెలోకి దిగుతుంటే కత్తెర పట్టు కాస్త సడలింది. వాడికి కావలసింది అదే. పెదవులు సన్నగా కదలసాగాయి. చుట్టూ రెల్లుదుబ్బులు బుసకొట్టాయి. ఒక్కొక్క రెల్లుగడ్డీ పడగ విప్పి ఆమె వైపు వంగింది. ఒకటి చీలమండకు చుట్టుకుని బిగుసుకుంది.

మంత్రం ఉన్నది వాడి నోట్లో. చెంగల్వ కొంగుకు గుచ్చుకున్న దబ్బనం తీసింది. మైనం పట్టించిన ముప్పేట దారం దానికి ఎక్కించే ఉంది. ఎడమచేత్తో వాడి రెండు పెదవులూ కలిపి పట్టుకుని, బొంత అంచు కుట్టినట్టు, ఈ చివర నుంచి ఆ చివర దాకా తొమ్మిది కుట్లు వేసింది. వాడు గిలగిల కొట్టుకున్నాడు. ప్రతి కుట్టుకూ ఒక ఇంటి పేరు చెప్పింది. ముడి వేసి దారం పళ్లతో తెంపింది. పాములు మళ్లీ రెల్లుగడ్డయి వాలిపోయాయి.

వాన వెలిసింది.

అప్పుడు తెలిసింది ఆమెకు, తానేం చేసిందో. వాడు చెప్పింది నిజమో, మంత్రానికి వ్యవధి కోసం అల్లిన అబద్ధమో ఇక అడగడానికి లేదు. కుట్లు విప్పితే మంత్రం వస్తుంది. విప్పకపోతే మాట రాదు.

"నిజమేనా?" అని అడిగింది.

వాడు తల ఊపలేదు. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. ఆ కళ్లను పెరికేద్దామన్నంత కసి లేచింది. భుజం గాయంలోంచి నెత్తురు బుడబుడ పొంగి బురదలో కలుస్తోంది. ఇలాగే కారితే పొద్దుగూకకముందే వాడి పని అయిపోతుంది. తన చేత్తో చంపనక్కరలేదు. ఊరకే చూస్తూ కూర్చుంటే చాలు.

చాలాసేపు చూస్తూ కూర్చుంది. నెత్తురు కారుతూనే ఉంది.

చివరికి లేచి బాడవ నీటిలో చేతులు కడుక్కుంది. వాడి భుజం మీది అంగీ చింపి, గాయం కడిగి, దబ్బనంలో కొత్త దారం ఎక్కించింది. కొమ్మన కాలి ముల్లు తీసిన వేళ్లతోనే వాడి గాయపు అంచులు దగ్గరికి తెచ్చి, సన్నగా, ఒద్దికగా, ఎక్కడా వదులు లేకుండా కుట్టింది. తన చీర చెంగు చింపి కట్టు కట్టింది. పళ్లు బిగించి ఆ పనంతా చేసింది.

తర్వాత తాడు కొస మణికట్టుకు చుట్టుకుని వాణ్ణి లేపి నిలబెట్టింది.

"ధూమగిరి ఎటు?"

వాడు గడ్డంతో ఉత్తరంగా చూపించాడు. రెల్లు పైన, చాలా దూరాన, కొండశిఖరం ఒకటి పొగ కక్కుతోంది. దానికీ వీళ్లకూ మధ్య బాడవ దాటితే నల్లని అడవి, అడవి దాటితే ఏముందో ఆమెకు తెలియదు.

"దారిలో చచ్చావంటే ఊరుకోను. నడు" అంది చెంగల్వ.

వాడు నడిచాడు. కత్తెర మొన వాడి వీపుకు బెత్తెడు దూరంలో ఉంచుకుని ఆమె వెనకే నడిచింది.